మూడో కాలు చెప్పిన మాట

"నోరు విప్పొద్దని ఇంజనీరు గట్టిగా చెప్పాడు. అంచేత నేనేం చెప్పను," అంటూ గజఈతగాడు బాబాయ్ బెంచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడంటే, ఇక ఆ పూటంతా చెబుతాడని టీకొట్టు అక్కకి తెలుసు.

లాంచీల జెట్టీ మూసి చాన్నాళ్ళయింది. నీళ్ళలో ఉన్న దాని ఉక్కు కాళ్ళని, ముఖ్యంగా మూడోదాన్ని, తుప్పు తినేసిందేమోనని అనుమానం. లాంచీలు లేకపోతే జనం లేరు, జనం లేకపోతే టీ ఎవరు తాగుతారు? ఈసారీ ఇంజనీరు తెరవకూడదంటే అక్క కొట్టు ఎత్తేయాల్సిందే. బాబాయ్ కూడా తన పడవని జెట్టీకి కట్టడం మానేసి ఒడ్డున రాయికి కట్టుకుంటున్నాడు. ఆ రాయిని చూసినప్పుడల్లా ఆవిడ గుండె జారిపోయేది. ఇవాళ పొద్దున నీళ్ళలోకి దిగి కాళ్ళని పరీక్షించి వచ్చింది ఆయనే. గ్లాసులు కడుగుతూనే ఆవిడ చెవులు అటు పడేసింది.

"కాలికి పట్టిన గుల్లలు గీకేసి ఉక్కుకి సెన్సరు ఆనించానా, అది లోపలికి శబ్దం పంపిస్తుంది. శబ్దం అవతలి అంచుకి తగిలి తిరిగొస్తుంది. తొందరగా వచ్చేసిందా, ఉక్కు పల్చబడినట్టే. మామూలు మనిషికి ఆ శబ్దం వినపడదు."

"మరి నీకు?" అన్నాడు మెకానిక్.

"నాకు దోమ ఆవలించినా వినపడుతుందిరా! మొదటి కాలు ఖంగుమంది. రెండోది ఏకంగా రాగం తీసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది విని చేపలన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి, మాకూ చూడు బాబాయ్ అని. కాదంటే బాగుంటుందా? ఒక్కోదాని పొట్ట మీదా సెన్సరు పెట్టి, గుడ్లెన్నో చెప్పి పంపించాను."

"చేపలు నిన్ను బాబాయ్ అన్నాయా?" అన్నాడు లాంచీ టికెట్లు అమ్మే అతను.

"పెద్ద చేపలు తమ్ముడూ అన్నాయి. వయసుని బట్టి పిలవద్దూ? ఇంతలో తిమింగలం వచ్చింది, మోకాళ్ళ నొప్పులని."

"తిమింగలానికి మోకాళ్ళెక్కడివి?"

"అదే కదా! సెన్సరు పెట్టి, లేవని చూపించానా, అక్కడికక్కడే నొప్పి తగ్గిపోయింది."

అక్క ఇక ఉండబట్టలేకపోయింది. "అన్నయ్యా, మూడో కాలు?"

బాబాయ్ క్షణం తడబడ్డాడు, అంతలోనే అందుకున్నాడు. "అసలు కథ అక్కడే ఉంది చెల్లెమ్మా! సెన్సరు పెట్టగానే అది మూలిగింది. జెట్టీ ఒరిగిపోతోంది. ఏం చేయను? భుజం ఆనించాను. ఎడమదే, కుడి చెయ్యి ఖాళీ లేదుగా. ఒక్క ఎత్తు ఎత్తేసరికి జెట్టీ, ఒడ్డు, ఈ బెంచీ అన్నీ లేచాయి. పొద్దున మీ గ్లాసుల్లో టీ ఒలకలేదూ?"

అందరూ పగలబడి నవ్వారు. అక్క మాత్రం దిగులుగా ఒడ్డు వైపు చూసింది. రాయి దగ్గర పడవ లేదు. చూపు అలా జెట్టీ దాకా వెళ్ళి ఆగింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"అన్నయ్యా, నీ భుజం ఇక్కడుంది కదా, ఇప్పుడు జెట్టీని ఎవరు మోస్తున్నారు?"

"అంటే..."

"కూలిపోయేదానికి నీ సొంత పడవని ఎందుకు కట్టొచ్చావు? అదీ మూడో కాలికి!"

అందరూ గిరుక్కున తిరిగారు. పడవ మూడో కాలికి కట్టి ఉంది, నింపాదిగా ఊగుతోంది. బాబాయ్ బాసింపట్టు విప్పి బెంచీ దిగాడు.

"ఇంజనీరు అడిగితే మీరే సాక్ష్యం. నేనేం చెప్పలేదు."

"చెప్పలేదన్నయ్యా, ఒక్క నిజం కూడా చెప్పలేదు," అంటూ అక్క అటక మీంచి పెద్ద కెటిల్ దించి బూజు దులిపింది.