బోర్డు మీద పేర్లు వద్దన్న టీచరమ్మ

రండి, దగ్గరికి రండి. ఆ కిటికీ పక్కవాళ్ళు కూడా ఇటు జరగండి, మధ్యాహ్నం గంటకి ఇంకా టైముంది. బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాశారట, ఎవరు రాశారు? లీడరువా? తిట్టనులే, డస్టరు తీసుకుని చెరిపెయ్. మెల్లిగా, సుద్దపొడి నా మీద పడకుండా. ఈ బడిలో పేర్లు రాసే అలవాటు లేదమ్మా. మీరు పుట్టకముందు ఇదే గదిలో పాఠం చెప్పిన టీచరమ్మ ఒప్పుకునేది కాదు. నాకన్నా పదేళ్ళు పెద్ద, అక్కయ్యగారూ అనేవాణ్ణి. గోడ వైపు చూడకండి, ఆవిడ ఫోటో లేదు, తీయించుకోనేలేదు. హాజరు పట్టీ కూడా నాచేతే రాయించేది. తను ఎవరి పేరైనా రాయబోతే వేళ్ళు బిగుసుకుపోయేవి, నేను కళ్ళారా చూశాను.

అసలు ఆవిడ ఇక్కడ ఉండాల్సిన మనిషి కాదు. యూనివర్సిటీలో చదివింది. ఏం చదివిందంటే, పనిచేసేచోట మనుషులు ఎలా మసులుకుంటారు, ఎవరి మాట ఎవరు వింటారు, పైవాడు చూడనప్పుడు ఏం చేస్తారు, అదన్నమాట. నవ్వకండి, అదీ చదువే. వాళ్ళ నాన్న కూడా మీలాగే నవ్వాడట. ఆయన డిపోలో బస్సులు కడిగేవాడు. "ముప్పయ్యేళ్ళు కడిగానే, నన్నడిగితే ఒక్కపూటలో చెప్పేవాణ్ణి కదే, దానికి పుస్తకాలెందుకు" అన్నాడట. అన్నాడు గానీ ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. ఎందుకంటే ఆ యేడు యూనివర్సిటీలో ఒక నోటీసు అంటించారు. ఒక్కటే అవకాశం. ఒక ఫ్యాక్టరీలో ఆరు నెలలు కూర్చుని, చూసింది చూసినట్టు రాసుకురావాలి, తెచ్చినవాళ్ళకి ఆ శాఖలోనే పాఠం చెప్పే ఉద్యోగం. పదకొండుమంది పోటీపడితే ఈవిడకొచ్చింది. ప్రొఫెసరుగారు పిలిచి, "ఎవరు, ఎక్కడ, ఎవరి పక్కన, అన్నీ రాయమ్మా. నీ జ్ఞాపకాన్ని నమ్మను, నీ నోటుబుక్కుని నమ్ముతాను" అని ఒకటికి రెండుసార్లు చెప్పారట. ఆవిడ బుద్ధిమంతురాలు, అన్నీ రాసింది. తప్పంతా అక్కడే జరిగింది.

అది గాజుసీసాలు చేసే ఫ్యాక్టరీ. ఏ ఊళ్ళోదో నాకూ చెప్పలేదు, అడక్కండి. పొడుగాటి షెడ్డు, మధ్యలో కదిలే బెల్టు, దాని వెనకాల తెల్లటి లైటు. లైటు ముందు నుంచి సీసాలు వరసగా వెళుతుంటే ఆడవాళ్ళు స్టూళ్ళ మీద కూర్చుని చూస్తారు. వెంట్రుకంత బీట కనబడినా సీసా తీసి పక్కనున్న గొట్టంలో పడెయ్యాలి. అది కిందకి జారి మరలో పడి నలిగి, మళ్ళీ కొలిమిలోకి పోతుంది. మీరు అంతసేపు ఆ లైటు చూడగలరా? పావుగంటకే కళ్ళలో నీళ్ళు కారతాయి. వాళ్ళు పొద్దుట నుంచి సాయంత్రం దాకా చూసేవాళ్ళు. వెనకాల సూపర్‌వైజరు తిరుగుతుండేవాడు, ఎవరు తీస్తున్నారు, ఎవరు ఊరికే కూర్చున్నారు అని. ఆయన బూట్లు కిర్రుకిర్రుమనేవి. పేరెవరూ అనేవాళ్ళు కాదు, కిర్రుబూట్లు అనేవాళ్ళు. ఆ చప్పుడు వినబడితే చాలు, నడుములన్నీ నిటారుగా అయిపోయేవి.

ఈవిడ స్టూలు బెల్టు మొదట్లో. ఆ పక్కన ఒకావిడ, పొద్దస్తమానం వాగుతూనే ఉంటుంది కాబట్టి రేడియో అని పేరు పెట్టారు. రేడియో పక్కన పెద్దమ్మ, అందరికీ పెద్దమ్మే. మూడు నెలలు పోయాక ఈవిడ ఒకటి గమనించింది. రేడియో మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి బెల్టు అంచు మీద గోటితో టక్ మని కొడుతుంది. కొట్టగానే పెద్దమ్మ చెయ్యి చాచి ఒక సీసా తీస్తుంది. తీసిన ప్రతీ సీసాకీ బీట ఉంటుంది. టక్ లేకపోతే పెద్దమ్మ చెయ్యి కదలదు. అర్థమైందా? పెద్దమ్మకి చూపు పోయిందిరా నాన్నా. ఆ లైటే తినేసింది. రేడియో తను తీయాల్సిన సీసాల్లో కొన్నిటిని కావాలని వదిలేసి, అవి పెద్దమ్మ ముందుకి రాగానే కొట్టేది. తప్పిపోతే? తప్పిపోయినా వెనకాల ఇంకో ఇద్దరు చూసేవాళ్ళున్నారు, వాళ్ళకీ తెలుసు. వరసంతటికీ తెలుసు. మూడేళ్ళుగా అలా నెట్టుకొస్తున్నారు. ఇంకో ఏడాది ఉంటే పెద్దమ్మకి పింఛనొస్తుంది, ఇంట్లో మంచం పట్టిన మొగుడున్నాడు. ఇంతమందిలో ఒక్కరు నోరు జారలేదు, చూడండి.

ఈవిడకి సంతోషం పట్టలేదు. పుస్తకాల్లో ఎక్కడా లేనిది తన కళ్ళ ముందు దొరికింది. బొమ్మ గీసింది. ఏ స్టూలు మీద ఎవరు, ఎవరికి చూపు లేదు, ఎవరు గోటితో కొడతారు, పేర్లతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఆవిడ చేతిరాత అంత బాగుండేది మరి. అదే కొంప ముంచింది.

ఆఖరి రోజు. భోజనాల వేళ కిర్రుబూట్లు వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదట. "మేనేజరుగారు నీ పుస్తకం ఒకసారి చూస్తారట అమ్మాయ్. లోపల కూర్చోనిచ్చాం కదా, ఏం రాశావో మేమూ చూడాలిగా. వరసలో చూపు తగ్గినవాళ్ళని ఏరెయ్యాలి, నువ్వు రాసినదాన్ని బట్టి తెలుస్తుందేమో. సాయంత్రం గేటు దగ్గర ఇచ్చి వెళ్ళు" అన్నాడు. గేటు దగ్గర రోజూ సంచులు విప్పి చూస్తారు. దాచి తీసుకెళ్ళడానికి దారి లేదు.

అన్నేళ్ళ తర్వాత నాకు చెబుతున్నప్పుడు కూడా ఆవిడ కొంగు చివర నలుపుతూనే ఉంది. ఆ మధ్యాహ్నం పుస్తకం ముందేసుకుని కూర్చుందట. బొమ్మ గీసిన పేజీ ఒక్కటీ చింపుదామంటే ప్రతి పేజీలోనూ వాళ్ళ పేర్లే. పుస్తకం ఇస్తే ముగ్గురు నలుగురు రోడ్డున పడతారు. ఇవ్వకపోతే నాన్న ఊరంతా చెప్పుకున్న ఉద్యోగం పోతుంది. బెల్టు మొదలైంది. కాసేపటికి పెద్దమ్మ తలతిప్పకుండానే అడిగింది, "ఏంటమ్మా, ఇవాళ నీ పెన్ను చప్పుడు వినబడటం లేదు?" చూపు లేని మనిషికి అన్నీ చెవులే. ఈవిడ ఉండబట్టలేక అంతా చెప్పేసింది, మీ పేరు రాశాను పెద్దమ్మా, సాయంత్రం వాళ్ళు చదువుతారు అని. తిట్టొచ్చు కదా, తిట్టలేదు. చింపెయ్యమనీ అనలేదు.

"అది లేకపోతే నీ ఉద్యోగమో?"

"రాదు పెద్దమ్మా."

వెనకాల బూట్లు కిర్రుమంటూ వరస చివరిదాకా పోతున్నాయి. ఆయన అటు తిరిగి ఉండగానే ఈవిడ నోటుబుక్కు తీసి, రెండు సీసాల మధ్య బెల్టు మీద పెట్టేసింది. అది మెల్లిగా సాగింది. రేడియో చూసి మాట ఆపేసింది. ఆవిడ మాట ఆగడం ఆరు నెలల్లో అదే మొదటిసారట. బూట్ల చప్పుడు మళ్ళీ ఇటు తిరిగింది. రేడియో గోటితో టక్ మని కొట్టింది. పెద్దమ్మ చెయ్యి చాచింది. చేతికి తగిలింది సీసా కాదని తెలిసి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అట్ట మీద ఒకసారి నిమిరింది. నిమిరి, బీటసీసాని పడేసినట్టే గొట్టంలో పడేసింది. కింద మర తిరుగుతూనే ఉంది.

గేటు దగ్గర సంచి బోర్లించారు. పెన్ను, క్యారియరు, జేబురుమాలు. "ఆరు నెలలు రాసింది ఎక్కడమ్మా?" "పోయిందండీ." కిర్రుబూట్లు ఆవిణ్ణి చూడలేదట, బయటికొస్తున్న ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడ్డాడట. ఆ చూపే ఆవిడని జీవితాంతం వెంటాడింది. ప్రొఫెసరుగారు చెప్పినట్టే చేశారు, నోటుబుక్కు లేదంటే నమ్మలేదు. ఉద్యోగం పోటీలో రెండో స్థానంలో ఉన్నాయనకి వెళ్ళింది. నాన్నకి ఏం చెప్పిందో నాకు చెప్పలేదు. పెద్దమ్మకి పింఛను వచ్చిందా అంటే, ఏమో, ఆవిడకీ తెలీదు. వెళ్ళి అడుగుదామంటే, ఎవరి గురించి అడిగిందో వాళ్ళనే పట్టుకుంటారని భయం. ఇక్కడికొచ్చి మీ అమ్మల్నీ నాన్నల్నీ చదివించింది, అంతే. ఒకసారి ఎవడో పిల్లాడు కొత్త బూట్లేసుకుని కిర్రుకిర్రుమంటూ వస్తే, పాఠం ఆపేసి గోడ పట్టుకుని నిలబడింది.

ఆవిడ బడిలో ఉన్న ఆఖరి ఏడాది ఇంకోటి జరిగింది. తప్పు లెక్కకి కూడా ఆవిడ రైటు కొట్టడం మొదలెట్టింది. నాకు అర్థమైంది, ఆవిడకీ కళ్ళు ఆనడం లేదని. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు ఒక పిల్ల బోర్డు మీద లెక్క చేసింది, మూడో వరసలో తప్పు చేసింది. అక్కయ్యగారు ఒక్కో వరసా చాక్‌పీసుతో చూపిస్తూ వస్తోంది. నేను గుమ్మం దగ్గరున్నాను. ఆయన నన్నే చూస్తున్నాడనిపించింది. చాక్‌పీసు మూడో వరస మీదకి రాగానే తలుపు చెక్క మీద గోటితో టక్ మని కొట్టాను. ఆవిడ చెయ్యి ఆగింది. "ఇక్కడ మళ్ళీ చూడు తల్లీ" అంది. ఆయన మెచ్చుకునే వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, ఇది ఎక్కడా రాయకండి" అంది. రాయలేదు. నోటితో చెప్పడం కూడా ఇవాళే.

ఏంటమ్మా? బోర్డు పూర్తిగా చెరగలేదా? ఇంకో పేరుందా? ఎక్కడా... వద్దు, చదవకు. చదవకు, చెరిపెయ్. ఆ, అయింది కదా. ఇక లేవండి, ఇళ్ళకి పోయి తినండి. నా చెయ్యి ఎవరైనా పట్టుకోండి, గుమ్మం దాకా.