పక్కింటావిడే వెళ్తుంది

ఏంటే, వచ్చీ రాగానే ఆ మొహం? సర్వేకి వెళ్తే ఎవ్వరూ నిజం చెప్పట్లేదా? ఓస్, ఇంతేనా! చెప్పులు విప్పి ఇలా కూర్చో. గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో కష్టాలేంటండీ" అనడిగితే ఎవరు చెప్తారే? నేనైతే తలుపేసుకుంటా. నీకు లెక్కలావిడ సంగతి చెప్పానా? చెప్పలేదూ? మన వీధి గదిలో మీ నాన్న పాత సైకిళ్ళన్నీ పడేశాడు చూడు, ఆ గదిలోనే అద్దెకుండేది. పోయి చాలా ఏళ్ళయిందిలే, మహాతల్లి. సన్నగా పొడుగ్గా ఉండేది, మాట మాత్రం పక్క చెవికి వినపడేది కాదు. ఆర్థిక పరిశోధన ఆఫీసులో ఉద్యోగం. అంటే ఏంటమ్మా అని మా అత్తగారు అడిగితే, "ప్రభుత్వం పెట్టే ఖర్చు జనానికి అందుతోందో లేదో చూసి చెప్తామండీ పిన్నిగారూ" అంది. మా అత్తగారు ఊరుకుంటుందా? "దానికంత చదువెందుకే తల్లీ! నన్నడిగితే అందట్లేదని కూర్చున్నచోటే చెప్పేదాన్నిగా" అంది. ఆవిడ నోటికి ఎదురెక్కడుందిలే. ఒకసారి పాలవాడిని ఏమందంటే... సరే, అదిప్పుడొద్దు, అదో పెద్ద కథ.

ధర్మాసుపత్రి సంగతి కదా నేను చెప్పబోయింది. వీధి చివర ఉండేది. పగలు పనులకెళ్ళేవాళ్ళ కోసమని సాయంత్రం పూటే తెరిచేవాళ్ళు. మా అత్తగారికి ఆయాసం. అలాంటిలాంటి ఆయాసం కాదే, వచ్చిందంటే మంచంపట్టె గట్టిగా పట్టుకుని కూర్చునేది, చూస్తున్న మనక్కూడా ఊపిరాడేది కాదు. మీ తాతయ్య జీతం తిండికీ బట్టకీ బొటాబొటి, ఇంక పెద్ద డాక్టరెక్కడ? ఆ ధర్మాసుపత్రి మందే ఆవిడ ప్రాణం. కానీ ఒప్పుకుంటేగా! "బతికిచెడ్డ ఇల్లు మనది. ధర్మం మందు తాగుతున్నామంటే నలుగురిలో తలెత్తుకోగలమా?" అనేది. మసకపడగానే శాలువా ముక్కుదాకా లాక్కుని గోడవారగా వెళ్ళేది. అక్కడ పేరడిగితే నోటికొచ్చిన పేరు చెప్పేది. ఆవిడొక్కతే అనుకునేవు, వీధి వీధంతా అదే వరస! ఒకరోజు పైనుంచి ఎవరో ఆ పేర్లు పట్టుకుని వీధిలో వాకబు చేస్తే, అలాంటి మనుషులే లేరు. ఇంకేముంది? రోగులు లేరు, మందులు ఎవరో అమ్ముకుంటున్నారు, మూసిపారేద్దాం అన్నారు. మూసేముందు ఒకసారి చూసి చెప్పమని లెక్కలావిడ ఆఫీసుకి అప్పజెప్పారు.

ఆవిడ మొదట మా ఇంటికే వచ్చింది, సొంత ఇల్లులాంటిది కదాని. "పిన్నిగారూ, మీరు ధర్మాసుపత్రికి వెళ్తారా?" "మేమా? మాకేం ఖర్మే! మాకు పెద్ద డాక్టరే. మీ బాబాయిగారికి బాగా తెలిసినాయన" అంటూ మా అత్తగారు ఒకటే దగ్గు. నేను తలుపు వెనక. ఆ ఆసుపత్రి మూస్తే ఈవిడ దక్కదు. మూయించే మాటేమో ఈవిడ నోటినుంచే వస్తోంది! అత్తగారిని కాదని కోడలు నోరెత్తే ఇల్లా మాది? అక్కణ్ణుంచి ఆవిడ ఏ గడప ఎక్కినా అదే పాట, మేం వెళ్ళమంటే మేం వెళ్ళమని. సాయంత్రం ఉసూరుమంటూ వచ్చి మెట్టుమీద కూలబడింది. మా అత్తగారికి జాలేసింది. "మూసేస్తే మూసేస్తారు, దానికంత దిగులెందుకే? మాకేం పోయింది? పాపం ఆ పక్కింటి టైలరావిడకే కష్టం. మోకాళ్ళ నొప్పులకి వారంవారం వెళ్తుంది, నేను చూడట్లేదనుకుంటుంది" అంది. ఆ మాటకి లెక్కలావిడ కళ్ళు ఇంతింతయ్యాయి చూడూ!

మర్నాడు మళ్ళీ మొదలు. ఈసారి, "మీరు వెళ్ళరని తెలుసండీ. మీ పక్కింటివాళ్ళు వెళ్తారా?" అని. అంతే! గుమ్మంలోంచి పంపేసినవాళ్ళే కుర్చీ వేసి, టీ ఇచ్చి మరీ చెప్పారు. టైలరావిడైతే, "మేమెందుకు వెళ్తామమ్మా! ఆ పక్కింటి పెద్దావిడ లేదూ, శాలువా కప్పితే ఎవరూ పోల్చుకోరనుకుంటుంది పిచ్చిది. ఆ మందే లేకపోతే పొద్దు గడవదు ఆవిడకి" అందిట. పరాయివాళ్ళ గుట్టు చెప్పడానికి బద్ధకమెవరికే!

వాళ్ళ పెద్దసారు ఒప్పుకోలేదు. "ఏంటమ్మా ఇది, పరిశోధనా, పుల్లలు పెట్టడమా?" అన్నాడట. "మీరే వచ్చి చూడండి సార్" అని ఓ సాయంత్రం ఆయన్ని తీసుకొచ్చి ఆసుపత్రి బల్లమీద కూర్చోబెట్టింది. మా అత్తగారికి తోడు నేనూ ఉన్నాగా. వాళ్ళిద్దర్నీ చూడగానే లేచి, "నేను టైలరావిడకి తోడొచ్చానమ్మా" అంది మా అత్తగారు. "అయ్యో, నేనే కదండీ మీకు తోడొచ్చింది" అని టైలరావిడ. ఆ బల్లమీద ఉన్నవాళ్ళందరూ ఎవరో ఒకరికి తోడొచ్చినవాళ్ళే! పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అందరూ తోడే అయితే మందు ఎవరికమ్మా?" అన్నాడు. నర్సు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

కొన్నాళ్ళకి కబురొచ్చింది, మూయట్లేదని. హమ్మయ్య! నేను వంటింట్లోనే కూలబడి ఏడ్చేశానే. అదేం ఏడుపో, నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. మా అత్తగారు మాత్రం, "పోన్లే, టైలరావిడకి పనికొస్తుంది" అంది, గింజుకున్నా నిజం రాదు.

తర్వాత లెక్కలావిడకి బదిలీ అయింది. వెళ్ళేరోజు సామానంతా బండెక్కించాక, పొద్దుట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మా అత్తగారు ఆవిణ్ణి లోపలికి పిలిచి తలుపు దగ్గరికేసింది. "నేనూ వెళ్తానే ఆ ఆసుపత్రికి. నీకు తెలుసు కదూ? నా పేరు రాసేశావా?" అంది. అన్నాళ్ళూ ఆ బెంగే తినేసిందన్నమాట మనిషిని! లెక్కలావిడ రెండు చేతులూ పట్టుకుని, "ఎంతమందికి పనికొస్తోందో రాశాను పిన్నిగారూ. ఎవరెవరికో రాయలేదు. ఒక్క పేరు కూడా లేదు" అంది. మా అత్తగారు అమ్మయ్య అని గోడకి చేరబడింది. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఇక వెళ్తానండీ అని ఆవిడ లేవబోతే చెయ్యి వదలదే! "ఆగు. రేపెవడైనా మళ్ళీ మూస్తానని వస్తే ఎలాగ? నా పేరొక్కటీ రాసుకో. ఈ ముసల్దాన్ని ఆ మందే బతికించిందని చెప్పు" అంది. అని, తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. గట్టిగా, టైలరావిడకి కూడా వినపడేలా.

...

నువ్వు టీ తాగుతావుటే? పాలున్నాయో లేవో చూడు.