పక్క మెషీన్ అంకె

వాన వల్ల జట్టంతా కలిసి తెడ్లేసే డ్రాగన్ పందెం పడవని నీళ్లలోకి దించలేదు. జిమ్‌లో వదినా మరదళ్లు పక్కపక్కనే తెడ్డు మెషీన్ల మీద కూర్చుని లాగుతున్నారు.

“ముందు సీటు నీకిచ్చారటగా వదినా! కోచ్‌కి ఏం మందు పెట్టావో!”

“నేను అడగనేలేదు.”

“కడుపు మండిపోతోంది, దాచుకోను. ఇవాళ కూడా నీకంటే పదిహేను మీటర్లు ఎక్కువే లాగాను.”

“నా అంకె నీకెలా తెలుసు?”

“నీ మెషీన్ తెర మీద కనబడుతోందిగా!”

“మెడ తిప్పితేగా కనబడేది? ముందు కూర్చున్నవాళ్లని చూసే వెనకవాళ్లంతా తెడ్డు వేస్తారు. ముందువాళ్లు మరి ఎవర్ని చూడాలి?”

“నేనెవర్నీ చూడను.”

“ఇందాక కావాలనే నెమ్మదించాను. నువ్వూ నెమ్మదించావు. జోరు పెంచాను, నువ్వూ పెంచావు.”

“పచ్చి అబద్ధం!”

“సరే, ఇదిగో ఆపేశా.”

మెషీన్లు రెండూ ఆగిపోయి, బయట వాన చప్పుడొక్కటే మిగిలింది.