నాయనను అడగని మాట

హలో… ఆ, నేనే అక్కా. కన్నమ్మను… కారేపల్లి పోస్టాఫీసు నుంచి. గట్టిగ మాట్లాడలేను, ఎనక మంది నిలబడ్డరు.

…అమ్మ మంచిగనే ఉంది. తింటంది… అవ్, కొంచెం.

నాయన పోయినంక చర్చోళ్లు పెట్టే ఆదరణ కూడిక అయిపోయింది. నువ్వేదని పాస్టరుగారు అడిగిండు. దవాఖానల డ్యూటీ ఉందని అమ్మ చెప్పింది… లేదని నాకు తెలుసు.

…ఏంది? మత్తు ఇయ్యనీకి పోతనే లేవా? మరి ఇయ్యాల కొత్త సిస్టర్లకు మత్తు పాఠం చెప్పాలె గద… డాక్టరమ్మకు చెప్పేసినవా, నీతోని కాదని?

అక్కా, ఒక్క మాట విను. అందుకే ఫోను చేసిన.

కూడికకు బొజ్జయ్య మామ వచ్చిండు. నాయనతోని వెదురు నరకబోయే మామ. భోజనాలకు కూర్చోలే. ఇంటెనకకు నన్ను పిలిచి చెప్పిండు. ఆపరేషన్ రోజు పొద్దుగాల ఇద్దరు దవాఖాన దగ్గరి గోదారి ఒడ్డున కూర్చున్నరంట. నాయన… చిలుం తాగిండంట అక్కా. ఒకటి కాదు.

……

అక్కా… ఉన్నవా?

…అవ్. గంజాయే.

…ఎప్పటి నుంచంటే ఏం చెప్తం? అడివికి పోవుడు మొదలైనకాన్నుంచి. అంగీల వాసన నీకు తెల్వదా? ఆ అంగీలు నువ్వే వేరే నానబెట్టేదానివి. ఇదేంది నాయనా అని ఒక్కనాడన్న అడిగినమా, నువ్వూ నేనూ? చర్చిల సంఘపెద్దాయె. అడిగితే తలకాయ ఎక్కడ పెట్టుకుంటడు.

…అది కాదు, నీ చేతి తప్పు కాదని చెప్తున్న. నాయనకు నువ్వే మత్తిస్తివి. ఎంత మందు పోసినా ఎక్కకపాయె, గుండె ఉరికి ఉరికి ఆగె, నా కొలతే తప్పిందని ఏడిస్తివి. గంజాయి తాగినోళ్లకు గట్లయితదని ఆ నడుమ నువ్వే అంటివి గద, ఆ లారీ డ్రైవరు ముచ్చట చెప్పుకుంట… అవ్, ఆయనే. ముందే అడిగి తెలుసుకొని, ఆపరేషన్ మరునాటికి జరిపినవంటివి. మంచిగ నడుచుకుంట ఇంటికి పోయిండంటివి.

……

ఊ… ఏడవకు… ఊ, వింటున్న.

……నాయనను అడగలేదా?

…అన్ని అడిగినవు. దమ్మున్నదా, పన్ను కదులుతదా, పొద్దుగాల ఏమన్న తిన్నవా… గంజాయి మాట వచ్చేసరికి దాటేసినవు.

…పాస్టరుగారు ప్రార్థన చేసుకుంట మంచం పక్కనే ఉండె. ఆడ పండుకున్నది మన నాయనాయె. బిడ్డ ఎట్ల అడుగుద్ది అక్కా? నేనైనా నోరిప్పకపోదును.

…వద్దు. నౌకరి ఇడవకు. పో, పాఠం చెప్పు. గిదే చెప్పు. చుట్టాలను, ప్రార్థన చేసేటోళ్లను బయటికి పంపి అడగమను. పోలీసోళ్ల లెక్క కాదు, అన్నం తిన్నవా అన్నట్లు అడగమను. సొంత మనిషైతే ఇంకో సిస్టరుతోని అడిగియ్యమను…

…నోరు రాదా?

సరే, ముందు నాతోని అను. నేను నాయనను అనుకో. పాస్టరుగారు లేడు. ఎవ్వరు లేరు… అడుగు.

………

అవ్ బిడ్డా. తాగిన. పొద్దుగాలనే. భయమేసింది.

………

ఏందక్కా? మల్లొకసారి అను, లైను మంచిగ లేదు.

…"అయితే ఇయ్యాల వద్దు నాయనా. రేపు చేద్దాం."

……గంతేనా అక్కా? గంత మాటేనా?

……

నేను ఏడుస్తలే. జలుబు.

…గంట కొట్టిన్రు, ఇనబడ్డది. పో అక్కా, వాళ్లు కూర్చొని చూస్తుంటరు… అవ్, అమ్మకు నేను చెప్పుకుంట. పో.

ఉంట.