బీపీ అని రాసిన డబ్బా

నా పేరు బట్టు వైకుంఠం, తండ్రి కీర్తిశేషులు ఆగయ్య, వయసు డెబ్బై ఒకటి, నివాసం శాలిబండ. ప్రభుత్వ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు అటెండర్‌గా చేసి రిటైర్ అయిన. సీసాలకు చీటీలు రాసి అంటించేది నేనే. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క సీసాకు తప్పు చీటీ పడలేదు. అక్కడి పుస్తకాలన్నీ చదివిన, కొన్ని లెక్చరర్ల కంటే ముందే చదివిన. స్టేషన్ రైటర్ డానియేలు గారు ఇదంతా అవసరమా అంటున్నరు. అవసరమే, రాయండి.

నా బామ్మర్ది ప్రేమ్‌రాజ్‌ను కొట్టింది నేను. వార్డుబాయ్ కొట్టిండని, మత్తు డాక్టర్ ఎక్కువ మత్తు ఇచ్చి తన అక్కను చంపబోయిందని అతను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధం. మూడు దెబ్బలు కొట్టిన. మూడూ తెలిసే కొట్టిన.

అతని అక్క చంద్రమ్మ నా భార్య. వయసు అరవై ఆరు. 2003లో ఆమెకు మతి చెదిరింది. పది రోజులు కన్ను మూయలేదు. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ప్రేమ్‌రాజ్ ఆమెను కిషన్‌బాగ్‌లో ఒక మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయి, స్తంభానికి కట్టించి, వేపబరిగెలతో కొట్టించిండు. నేను చేరేసరికి వీపు మీద చర్మం లేదు. "గాలి పోవాలె గద బావా" అన్నడు. చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

తర్వాత ఒక డాక్టర్ లిథియం గోళీలు రాసిండు. లిథియం ఒక లోహం, గోళీలో ఉండేది దాని ఉప్పు. ఆ ఉప్పును తీగ మీద పెట్టి మంటలో చూపిస్తే ఎర్రగా మండుతుంది. ఏటా పిల్లలకు చూపించేవాణ్ని. రెండు నెలలకు చంద్రమ్మ నన్ను చూసి "కూరల ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

2012లో మా బిడ్డ మహేశ్వరికి సంబంధం కుదిరింది. "పిచ్చి గోళీలని తెలిస్తే వాళ్లు లేచిపోతరు బావా, బీపీ గోళీలని చెప్పు" అన్నడు ప్రేమ్‌రాజ్. గోళీలను పట్టీల నుంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, బీపీ అని చీటీ అంటించడం జరిగింది. పదమూడేళ్లుగా మా ఇంట్లో అది బీపీ గోళీయే.

11.10.2025 శనివారం ఉదయం ఏడు గంటలకు చంద్రమ్మ బాత్రూంలో జారిపడింది. కుడి భుజం కింది ఎముక విరిగింది. పురానాపూల్ దగ్గర ఒక నర్సింగ్‌హోంలో చేర్చినం. మూడు రోజులు నొప్పి సూదులు ఇచ్చిన్రు. అన్నం ముట్టలేదు, వాంతులు చేసుకున్నది. సోమవారం చేతులు వణికినయి. "భయానికి వణుకుతున్నది, ఫికర్ చేయకు" అన్నడు ప్రేమ్‌రాజ్.

అదే రోజు సాయంత్రం నాలుగు గంటలకు మత్తు డాక్టర్ స్రవ్య వచ్చి, రోజూ ఏం గోళీలు వేసుకుంటదని అడిగింది. ప్రేమ్‌రాజ్ "ఒక్క బీపీయే మేడం, రాత్రి పూట" అన్నడు. మా బిడ్డ అత్తగారు విమలాదేవి మంచం పక్కన కూర్చొని బత్తాయి వొలుస్తున్నది. "అది ఆపొద్దు, రేపు పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేయండి" అన్నది డాక్టర్. బీపీ గోళీకి అది సరైన మాటే. ఆ సమయానికి నేను మందుల దుకాణానికి పోయి ఉన్న, అక్కడ లేను.

లిథియం అయితే ముందురోజే ఆపాలె. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీలు దాన్ని బయటికి పోనియ్యవు. నొప్పి సూదులతో ఇంకా పేరుకుంటది. ఆపరేషన్‌లో మత్తుతో పాటు కండరాలు సడలే మందు ఇస్తరు. నరం కండరానికి పంపే కబురును ఆ మందు ఆపుతది. లిథియం కూడా అక్కడే అడ్డుపడుతది. రెండూ కలిస్తే కండరం తొందరగా లేవదు. ఊపిరి తీసేది కూడా కండరమే.

మంగళవారం పది గంటలకు లోపలికి తీసుకుపోయిన్రు. పదకొండున్నరకు ఆపరేషన్ అయిపోయింది. చంద్రమ్మ సొంతంగా ఊపిరి తీసుకోలేదు. 12.40కి డాక్టర్ బయటికి ఉరికి వచ్చింది. "ఇంకేం మందులు వాడిన్రు? దాచకండి."

"మస్తుగ మత్తిచ్చి పండవెట్టి, మమ్ముల అడుగుతున్నవా?" అని ప్రేమ్‌రాజ్ ఆమె జుట్టు పట్టి తలను అద్దాల తలుపుకు కొట్టిండు. అద్దం పగిలింది. రెండోసారి ఉత్త ఫ్రేముకు కొట్టిండు. ఆమె కింద పడితే కడుపులో తన్నిండు. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో వీడియో తీస్తున్నరు.

నేను సెలైన్ స్టాండు ఎత్తిన. మొదటి దెబ్బ జుట్టు పట్టిన చేతి మీద. మణికట్టు విరిగిన చప్పుడు విన్న. రెండోది వీపు మీద, అది 2003ది. "బావా, నేను ప్రేమ్‌రాజ్‌ను!" అని అరిచిండు. తెలుసన్న. మూడోది నోటి మీద. రెండు పళ్లు పడినయి, ఒకదానికి గుట్కా మరక ఉంది. స్టాండు జారి, పగిలిన అద్దంలో నా కుడి అరచేయి తెగింది.

డాక్టర్ నేల మీది నుంచే అడిగింది. "ఏం గోళీ తాతా?"

"లిథియం."

"ఎంత?"

"ఆరువందలు. పొద్దున కూడా."

కండ్లలోకి కారుతున్న నెత్తురు తుడుచుకోకుండా గోడ పట్టుకొని లోపలికి పోయింది. పరీక్షలో లిథియం 2.8 వచ్చింది. 1.2 దాటొద్దు. అప్పటికప్పుడు డయాలసిస్ పెట్టించింది.

ఈ రోజు, 15వ తేదీ, ఇక్కడి వరకు చెప్పేసరికి 11.40 అయింది. ఎస్సై గారి అనుమతితో మహేశ్వరి చేసిన ఫోన్ ఎత్తిన.

"బాపూ, ఊపిరి గొట్టం తీసిన్రు. అమ్మ కండ్లు తెరిచింది." ఏడుస్తున్నది. తర్వాత గొంతు తగ్గించింది. "బీపీ గోళీ వేసుకున్ననా అని అడుగుతున్నది. అత్తమ్మ పక్కనే ఉన్నది. ఏం చెప్పాలె?"

ఫోన్ అత్తమ్మకు ఇయ్యమన్న. అవి బీపీ గోళీలు కావని, మతి చెదరకుండా ఇరవై రెండేళ్లుగా వేసుకుంటున్న లిథియం అని చెప్పిన. ఫోన్ కట్ అయింది.

డానియేలు గారూ, సోమవారం నాలుగు గంటలకు నేను మందుల దుకాణంలో ఉన్న అని రాయించిన మాట అబద్ధం. కొట్టెయ్యకండి, అది అట్లనే ఉంచి కింద ఇది రాయండి. నేను మంచం దగ్గరే ఉన్న. విమలాదేవి ఇచ్చిన బత్తాయి తొన నా నోట్లో ఉంది. డాక్టర్ నా ముఖం కూడా చూసింది. నేను నమిలిన. ఒక్క గోళీతో ఏమైతది అనుకున్న. ఇంత చదివి అట్ల అనుకున్న. మంగళవారం పొద్దున నర్సు అడిగితే జేబులోంచి డబ్బా తీసి ఇచ్చింది నేను. దాని మీది చీటీ నా చేతిరాత.

ఆ డబ్బాను చీటీతో సహా అప్పగిస్తున్న. డాక్టర్ తప్పు ఏమీ లేదు. నన్నెవరూ బెదిరించి చెప్పించలేదు. చదివి వినిపించిన్రు, విన్న. మొదట ఆడిన అబద్ధంతో కలిపి ఇదే నిజం.

కుడిచేయి కట్టులో ఉన్నందున సంతకం పెట్టలేను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
బట్టు వైకుంఠం