అసలు ఏ ఊరు?

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని రైల్వే క్వార్టర్ గడప మీద కూర్చుని, వర్క్‌షాపు నుంచి వచ్చిన తండ్రి బూట్లు విప్పుకుంటున్నాడు. కూతురు రేపటి ఇంటర్వ్యూకి ఇంగ్లీషు వల్లె వేస్తోంది.

“నాన్నా, ‘ఐ యామ్ ఫ్రమ్ ఖరగ్‌పూర్’ అంటే సాలదా?”

“సాలదమ్మా. ఇంటిపేరు సూసి, అసలు ఏ ఊరని మళ్ళీ అడుగుతారు. పలాస అని సెప్పీ.”

“నేను పలాస ఎప్పుడూ సూడనేదు కదా.”

“నేను సూసినాను. మా పెదనాన్న దినానికి ఎల్తే, ‘ఖరగ్‌పూరోలు వొచ్చినార్రా’ అని కుర్సీలేసినారు. ఆలందరూ కింద కూకున్నారు.”

“మరి ఇక్కడ?”

“మా వర్క్‌షాపులో బెంగాలీ దాదా నిన్ననే అడిగినాడు, రిటైరయ్యాక మీ దేశానికి ఎల్లిపోతావా అని.”

“ఏటన్నావు?”

“ఏటంటాను? నవ్వీసినాను.”

“ఇంగ్లీషులో నవ్వితే కుదరదు నాన్నా. రెండు నిమిషాలు మాట్లాడమంటారు.”

“అయితే ఈ క్వార్టర్ గురించి సెప్పు. నువ్వు పుట్టింది ఇక్కడే. పెరట్లో మీ అమ్మ నాటిన మునగ గురించి సెప్పు.”

“అదే రాసుకున్నాను. ‘మా ఇల్లు’ అని మొదలెట్టినాను.”

“ఆ మాట తీసీమ్మా. వొచ్చే నెల నేను రిటైరవగానే తాళాలు ఆఫీసులో ఇచ్చీయాల.”

“వొచ్చే నెల కదా నాన్నా. ఇంటర్వ్యూ రేపే.”