జ్వరం లేదని చెప్పిన అధికారిణి

పంతొమ్మిది వందల తొంభైవ సంవత్సరం, జూలై రెండవ తేదీ, సోమవారం ఉదయం మన విద్యుత్ సరఫరా కార్యాలయపు ఫిర్యాదుల విభాగంలో ఒక కొత్త గుమాస్తా బాధ్యతలు స్వీకరించారు. కుర్చీ ముందుకు లాక్కునేలోపే బల్లమీది ఫోను మోగింది. ఎత్తీ ఎత్తగానే, కరెంటు పోయిన కోపంలో ఉన్న అవతలి పెద్దమనిషి ఆమెను కడిగిపారేశాడు. ఆమె ఓపికగా అంతా విని, “అయిపోయిందా అండీ? ఇప్పుడు మీ వీధి పేరు చెప్పండి” అన్నారు. నేడు ఆ విభాగానికే అధికారిణిగా పదవీ విరమణ చేస్తున్న, చిన్నాపెద్దా అందరం ‘అక్కగారు’ అని పిలుచుకునే సహోద్యోగిని ఆమే. పక్కబల్ల దగ్గర కూర్చుని ఆ మొదటి సంభాషణ విన్న నాకే ఈ అభినందన వ్యాసం రాసే భాగ్యం దక్కినందుకు, దాచడమెందుకు, కాలు నేలమీద నిలవడం లేదు.

తొలి సంవత్సరాలలో ఆమె సహనాన్ని మనమంతా వేనోళ్ల కొనియాడాం. ఆ సహనానికి మూల్యం ఎక్కడ చెల్లిస్తున్నారో మాత్రం ఎవ్వరం ఆలోచించలేదు. చిత్రలేఖనం మాస్టారైన వారి శ్రీవారు తరువాత నాతో, “ఆఫీసులో పడ్డ తిట్లన్నీ మా ఇంట్లో గిన్నెలు పడేవండీ” అని నవ్వుతూ చెప్పారు గానీ, ఆనాడు అది నవ్వులాట కాదు. నిద్ర కరువైంది. పసిపిల్ల అయిన కూతురు నవ్వినా విసుగే వచ్చేది. ఒక మధ్యాహ్నం ఫోను మోగుతూనే ఉంది, ఆమె చేయి లేవలేదు. కళ్లవెంట ధారగా నీళ్లు. ఆ ఫోను నేను ఎత్తాను.

మరునాడు ఆమె సెలవు కోరుతూ అప్పటి అధికారిగారి ముందు నిలబడ్డారు.

“జ్వరమని రాసెయ్యమ్మా, ఎవరూ ఏమీ అడగరు” అన్నారాయన, మంచి మనసుతోనే.

“జ్వరం లేదు సార్. మనసు బాగోలేదు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నాను.”

“నెమ్మదిగా అమ్మా, నలుగురూ వింటారు.”

“విననివ్వండి సార్. పన్నునొప్పి అంటే వినరా?”

ఆ రోజుల్లో ఆ మాటకు ఎంత గుండెధైర్యం కావాలో ఇప్పటి యువ ఉద్యోగులకు తెలియకపోవచ్చు. చెవులు కొరుక్కున్నవారు కొరుక్కున్నారు. కోలుకుని తిరిగి వచ్చాక ఆమె ఏదీ దాచకుండా భోజనాల బల్ల దగ్గరే అంతా చెప్పారు. ఎదుటివాడి కోపం చీకటిమీదే గాని తనమీద కాదని గుర్తుంచుకోవడం, మనసు బరువెక్కితే లేచి నాలుగడుగులు నడవడం, ఇల్లు చేరకముందే ఆ రోజు బాధను ఒక్కరితోనైనా పంచుకోవడం ఆమె వైద్యుడి వద్ద నేర్చుకున్నారు. కొన్ని నెలలకు అధికారిగారే తలుపు దగ్గరగా వేసి, “ఆ డాక్టరుగారు సాయంత్రాలు ఉంటారామ్మా?” అని అడిగారట. “ఉంటారు సార్. జ్వరమని మాత్రం చెప్పకండి” అన్నారట ఈమె. ఈ సంగతి ఆయనే తమ వీడ్కోలు సభలో కడుపుబ్బ నవ్విస్తూ చెప్పారు.

రెండు వేల పన్నెండులో అక్కగారు విభాగాధికారిణి అయ్యారు. తిట్లు తిన్నవారు కాసేపు ఆవరణలో తిరిగి రావాలని, అంతవరకు పక్కవారు ఆ ఫోను చూడాలని ఆమె చేసిన ఏర్పాటుతో విభాగం రూపురేఖలే మారిపోయాయి. బదిలీ కోసం కాళ్లరిగేలా తిరిగినవారే బదిలీ వస్తే ముఖం వేలాడేశారు.

ఆ తరువాత పెనుగాలులు వీచే ఒక మాసంలో మన లైన్‌మన్ ఒకరు స్తంభం మీంచి పడి ప్రాణాలు కోల్పోయారు. కళ్లారా చూసినవారు ఆయనతో జంటగా పనిచేసే లైన్‌మన్, మనం ‘పిడుగు’ అని పిలిచే ఆజానుబాహువు. (“నా సంగతి రాయండి సార్, నాదేనని తెలిసేలా రాయండి” అని ఆయనే అనుమతించారు.) అప్పటినుంచి పిడుగు ఏదో ఒక వంక చెప్పి స్తంభం ఎక్కడం తప్పించుకోసాగారు. ఒకరోజు నిచ్చెన ఊగుతోందని వెనక్కి వచ్చిన ఆయనను అక్కగారు పక్కకు పిలిచారు.

“నిచ్చెన బాగోలేదా తమ్ముడూ, నువ్వు బాగోలేవా?”

నిచ్చెన కింద పెట్టి ఆయన నోరు విప్పారు. “చేతులు వణుకుతున్నాయక్కా. పైకి చూస్తే వాడే కనిపిస్తున్నాడు. చెప్తే స్తంభమెక్కే నా బెల్టు లాక్కుని పనికిరానని పక్కన పెడతారు.”

“బెల్టు సంగతి నేను చూసుకుంటా. రేపు మీ ఆవిణ్ణి కూడా తీసుకురా, డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్దాం.”

పిడుగు సమ్మతితోనే ఆమె లైన్‌మన్ల పై అధికారి అయిన ఇంజనీరుగారితో మాట్లాడారు. స్తంభం ఎక్కని లైన్‌మన్ ఎందుకని ఆయన అడిగితే, “కాలు విరిగితే ఎక్కమంటారా సార్? కోలుకునేదాకా కింద పని ఇవ్వండి. పూచీ నాది” అన్నారు. పిడుగు మీటర్ల గదికి మారారు. వైద్యం సాఫీగా సాగిందనుకోకండి. మధ్యలో పిడుగు అలిగి మానేశారు, అక్కగారే ఆయన ఇంటికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చారు.

చివరికి పిడుగు మళ్లీ స్తంభం ఎక్కే ఉదయం వచ్చింది. మన ఆవరణలో కరెంటు లేని శిక్షణ స్తంభం చుట్టూ కార్యాలయమంతా చేరింది. పిడుగు సగం ఎక్కి ఆగిపోయారు.

“దిగాలనిపిస్తే దిగెయ్ తమ్ముడూ, టీ వేడిగా ఉంది” అన్నారు అక్కగారు.

పిడుగు ఫక్కున నవ్వారు. నిదానంగా గాలి పీల్చుకున్నారు. ఆపైన ఒక్కొక్క అడుగే వేస్తూ చిటారుకు చేరుకుని, “అక్కా, మన ఆఫీసు మిద్దెమీద ఎంత చెత్త ఉందో” అని కేక వేశారు. ఆ చప్పట్లకు ఫిర్యాదుల ఫోన్లు కూడా వినబడలేదు. ఆ వారమే ఇంజనీరుగారు, ప్రమాదం చూసిన ప్రతి ఉద్యోగికీ ఇకపై మానసిక వైద్యం తప్పనిసరిగా అందాలని ఉత్తర్వులు జారీ చేశారు. అవి నేటికీ అమలులో ఉన్నాయి.

ఇకపై అక్కగారు శ్రీవారి దగ్గర బొమ్మలు నేర్చుకుంటారట. మొదటి పాఠంలో ఆమె గీసిన కుర్చీకి మూడే కాళ్లు వచ్చాయని మాస్టారు ఆట పట్టిస్తే, “కూర్చునేది మీరేగా” అన్నారట.

అక్కగారూ, ఆకలి వేళకు ఆకలి, నిద్ర వేళకు నిద్ర, నవ్వు వస్తే కలిసి నవ్వేవారు, ఏడుపు వస్తే పక్కన కూర్చునేవారు మీకు ఎన్నడూ కొరవడకుండుగాక. మీరు మాకు నేర్పినంత హాయిగా, చల్లగా, నిండు ఆరోగ్యంతో మీరూ చిరకాలం జీవించండి.